67 ఏషియా: మద్రాసులో దొరికిన సయ్యార్చా

మిర్రీఖ్‌కీ ముష్తరీకీ నడుమ, అంటే అంగారకుడికీ గురుడికీ మధ్య, లక్షల కొద్దీ రాళ్ళు సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి. తెలుగులో వాటిని గ్రహశకలాలు అంటాం. ఉర్దూలో సయ్యార్చా. సయ్యారా అంటే గ్రహం, సయ్యార్చా అంటే చిట్టి గ్రహం. బాగ్ నుంచి బాగీచా వచ్చినట్టే ఇదీ. నాకెందుకో తెలుగు మాట కన్నా ఉర్దూ మాటే ముద్దుగా అనిపిస్తుంది. శకలం అంటే ఏదో పగిలి పడిపోయిన ముక్కలా ఉంటుంది. సయ్యార్చా అంటే పెద్దవాళ్ళ వెంట వేలు పట్టుకుని నడిచే పిల్లలా ఉంటుంది.

ఆ లక్షల్లో 67వ నంబరుది ఒకటి ఉంది. దాని పేరు ఏషియా. అవును, మన ఖండం పేరే. అడ్డంగా కొలిస్తే సుమారు 58 కిలోమీటర్లు. బెజవాడ నుంచి ఏలూరు దాకా అనుకోండి. సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి దానికి దాదాపు మూడు ముప్పావు సంవత్సరాలు పడుతుంది. తన చుట్టూ తాను తిరగడానికి 16 గంటలు. రాతి జాతిది. ఉత్త కళ్ళకు కనపడదు, దుర్బీన్ కావాల్సిందే. సైన్సు లెక్కలో దాని ఖూబీ ఇంతకు మించి పెద్దగా ఏమీ లేదు. అదే వలయంలో దానికంటే పెద్దవి, వింతవి చాలా ఉన్నాయి.

మరి దీని మీద ఇంత రాయడం ఎందుకంటే, దాని పేరు కోసమే. ఆసియా నేల మీద నుంచి కనిపెట్టిన మొట్టమొదటి సయ్యార్చా ఇది. 1861 ఏప్రిల్ 17న మద్రాసులో దొరికింది. చూసినాయన ఆంగ్లేయుడు, నార్మన్ పాగ్సన్. ఈ ఖండం నుంచి దొరికిన మొదటిది కాబట్టి ఏషియా అన్నాడు. గ్రీకు పురాణాల్లో అదే పేరుతో ఒక దేవత కూడా ఉంది. అప్పట్లో సయ్యార్చాలకు గ్రీకు, రోమన్ దేవతల పేర్లు పెట్టే రివాజు ఉండేది కాబట్టి ఆ పేరు రెండు విధాలా కుదిరింది.

పేరు బాగానే ఉంది. కానీ ఆ పేరులో ఆసియా వాళ్ళ హిస్సా ఎంత? నా సవాల్ అదే. దానికి జవాబు వెతుకుతూ పోతే మద్రాసు, సమర్‌ఖంద్, మచిలీపట్నం, వనపర్తి, చివరికి మన హైదరాబాదు దాకా తేలాను.

ముందు ఆ తారీఖు సంగతి. నాకొక అలవాటుంది, ఏ ఇంగ్లీషు తేదీ కనిపించినా హిజ్రీలోకి మార్చి చూస్తాను. 1861 ఏప్రిల్ 17 అంటే హిజ్రీ 1277, షవ్వాల్ మొదటి వారం. ఈదుల్ ఫిత్ర్ వెళ్ళి నాలుగైదు రోజులు. ట్రిప్లికేన్ మొహల్లాల్లో ఇంకా ఈద్ మిలాప్‌లు సాగుతూ ఉండి ఉంటాయి. అయితే ఆ ఏటి ఈద్ మద్రాసు ముసల్మాన్లకు ఎలాంటి ఈద్ అనేది కూడా ఆలోచించాలి. ఆర్కాట్ నవాబ్ గులాం గౌస్ ఖాన్ 1855లో ఔలాద్ లేకుండా ఇంతెకాల్ అయ్యారు. అదే సాకుగా కంపెనీ నవాబీని రద్దు చేసింది. చేపాక్ మహల్ సర్కారు చేతికి పోయింది. 1857 గదర్ అణిగి నాలుగేళ్ళు కూడా కాలేదు. దర్బార్ల మీద బతికిన మున్షీలు, హకీములు, ఖుష్‌నవీసులు రోజీ రోటీ వెతుక్కుంటున్న జమానా అది. చేపాక్ నుంచి నుంగంబాక్కం ఎంతో దూరం లేదు. ఆ నుంగంబాక్కం రసద్‌గాహ్‌లో, ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఇంగ్లాండు నుంచి దిగిన పాగ్సన్ ఆస్మాన్ మీద ఒక కొత్త చుక్కను పట్టుకున్నాడు. ఒకే షహర్, ఒకే షవ్వాల్.

రసద్‌గాహ్ అంటే నక్షత్రాలను గమనించే చోటు, వేధశాల. మద్రాసు రసద్‌గాహ్ పుట్టింది 1786లో. విలియం పెట్రీ అనే కంపెనీ అధికారి ఎగ్మూరులో తన సొంత డబ్బుతో పెట్టుకున్నాడు. తర్వాత కంపెనీ తీసుకుని 1792లో నుంగంబాక్కంలో కట్టడం లేపింది. దానికి కంపెనీ చెప్పుకున్న వజహ్ దాపరికం లేనిది: ఓడలు దారి తప్పకుండా నడవాలి, భూమి కొలతలు సరిగ్గా రావాలి. కోరమండల్ తీరం రాళ్ళలో, ఇసుకమేటల్లో జహాజులు పోగొట్టుకున్నవాళ్ళకు రేఖాంశం ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. తర్వాత హిందుస్తాన్ అంతా కొలిచిన సర్వే పనికి కూడా మద్రాసు రేఖాంశమే ఆధారమైంది.

ఆ కట్టడంలో యంత్రాన్ని నిలబెట్టడానికి ఒక నల్లరాతి స్తంభం నిలిపారు. ఎత్తు సుమారు 15 అడుగులు. కట్టడం పోయింది గానీ స్తంభం నేటికీ చెన్నైలో నుంగంబాక్కం వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. దాని మీద చెక్కిన రాతలే నన్ను ఈ కథలోకి లాగాయి. లాటిన్, ఇంగ్లీషుతో పాటు తమిళం, తెలుగు, హిందుస్తానీల్లో కూడా రాయించారు. హిందుస్తానీ అంటే మన ఉర్దూయే, అప్పటి పిలుపు అది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడుకుని పెరిగిన మనలాంటివాళ్ళకు ఆ రెండూ ఒకే రాతి మీద కనిపిస్తే కలిగే ఖుషీ వేరు.

రాసిన విషయం చదివాక మాత్రం ఆ ఖుషీ కొంచెం తగ్గుతుంది. దాని మత్లబ్ ఏమిటంటే, ఆసియాలో గణిత శాస్త్రాలను బ్రిటిష్ వారి ఉదారత మొదటిసారి ఎప్పుడు నాటిందో వెయ్యేళ్ళ తర్వాతి తరాలకు కూడా తెలియాలని ఈ రాత. మొదటిసారి అట. ఆసియాలో అట. అదీ మన రెండు జబాన్లలోనే మనకు చెప్పారు.

దీనికి జవాబుగా ఏం చెప్పాలో మీకు తెలుసు, నాకూ తెలుసు. హిజ్రీ ఏడో శతాబ్దంలో, అంటే 1259లో, నసీరుద్దీన్ తూసీ మరాగాలో రసద్‌గాహ్ పెట్టించారు. సమర్‌ఖంద్‌లో తైమూర్ మనవడు ఉలుగ్ బేగ్ కొండ మీద పెద్ద రసద్‌గాహ్ కట్టి, వెయ్యికి పైగా నక్షత్రాల స్థానాలతో జీజ్-ఎ-సుల్తానీ తయారు చేయించాడు. 1437 నాటి మాట. జీజ్ అంటే గ్రహాల, నక్షత్రాల లెక్కల పట్టిక. మన దక్కన్ సంగతే తీసుకోండి. బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా 1407లో దౌలతాబాదు దగ్గర రసద్‌గాహ్ మొదలుపెట్టించాడని, దాన్ని చూసుకునే హకీం హసన్ గీలానీ మరణించడంతో అది అధూరాగా ఆగిపోయిందని ఫరిష్తా రాశాడు. రాజా జైసింగ్ ఢిల్లీలో జంతర్ మంతర్ కట్టి ఫార్సీలో రాయించిన జీజ్ పేరు జీజ్-ఎ-ముహమ్మద్ షాహీ. అది మొఘల్ బాద్షా ముహమ్మద్ షా పేరు మీద, ఉలుగ్ బేగ్ పట్టికల దారిలో వచ్చింది. రాజు హిందువు, బాద్షా ముసల్మాన్, దారి చూపిన పట్టిక సమర్‌ఖంద్‌ది. మద్రాసు స్తంభం కంటే ఇది అరవై, డెబ్బై ఏళ్ళు ముందు. ఇక మన పంచాంగకర్తలు గ్రహణాలు లెక్కకట్టడం వెయ్యేళ్ళకు పైబడిన పని. కాబట్టి స్తంభం మీది దావా తప్పు.

అయితే ఒక మాట. మన ఖాందాన్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మెసేజీలు చూస్తుంటాను. దుర్బీన్ మనదే, విమానం మనదే, సైన్సంతా మనదే, ఫిరంగీలు ఎత్తుకుపోయారు అని. ఇలాంటివి చదివినప్పుడల్లా నాకు ఆ స్తంభమే గుర్తొస్తుంది. అదీ ఇదే రకం మాట, కాకపోతే రాతి మీద చెక్కి ఉంది. తూసీ, ఉలుగ్ బేగ్‌ల దగ్గర దుర్బీన్ లేదు. ఉత్త కళ్ళతో, పెద్ద పెద్ద రాతి కొలబద్దలతో చేశారు. వారి గొప్పతనం అక్కడుంది. లేనిది అంటగడితే వారికి ఇజ్జత్ పెరగదు. 1861లో ఆ చుక్కను పట్టుకున్నది పాగ్సనే, అది ఆయన మెహనత్. దాన్ని దాచి చెప్పే తారీఖ్ నాకొద్దు.

ఆ మెహనత్ ఎలాంటిదో కొంచెం చెప్పాలి. మొదటి సయ్యార్చా సీరీస్ దొరికింది 1801 జనవరి 1న, సిసిలీ దీవిలోని పలెర్మోలో. జుజెప్పీ పియాత్సీ అనే పాద్రీ రాజమహల్ బురుజు మీది రసద్‌గాహ్ నుంచి చూశాడు. ఆ మహల్ మొదట అరబ్ అమీర్ల ఖిలా. అరబ్బులు ఆ ఊరిని బలర్మ్ అనేవారు. అల్ ఇద్రీసీ తన ప్రపంచ పటాన్ని అక్కడే గీశాడు. పియాత్సీ చూసిన రోజును హిజ్రీలోకి మారిస్తే షాబాన్ నెల నడుమకు, షబే బరాత్ దగ్గరికి వస్తుంది. దీని వెనుక ఏ రహస్యమూ లేదు, నా లెక్కల సరదా అంతే. 1807 నాటికి ఇంకో మూడు దొరికాయి. ఆపై దాదాపు 38 ఏళ్ళు ఒక్కటీ లేదు. 1845 నుంచి మళ్ళీ జోరు అందుకుంది. పాగ్సన్ మద్రాసు వచ్చేనాటికి లెక్క అరవై దాటింది.

అప్పట్లో ఫోటోలతో పట్టే పద్ధతి లేదు. ఆస్మాన్‌లో ఒక చిన్న భాగాన్ని ఎంచుకుని, అందులోని ప్రతి చుక్కనూ కాగితం మీద నక్షా గీయాలి. మళ్ళీ అదే భాగాన్ని దుర్బీన్‌లో చూస్తూ నక్షాతో పోల్చాలి. నక్షాలో లేని చుక్క కనిపిస్తే ఊపిరి బిగబట్టి మర్నాడు రాత్రి కోసం ఎదురుచూడాలి. అది జరిగిందా, సయ్యార్చా. జరగలేదా, నక్షా గీసినప్పుడు జారిపోయిన మామూలు నక్షత్రం. మెడ నొప్పులు, దోమలు, మద్రాసు ఉక్కపోత, ఇవన్నీ ఓర్చుకోవాలి. ఇందులో పాగ్సన్ ఉస్తాద్. మద్రాసు రాకముందే ఆక్స్‌ఫర్డ్‌లో మూడు సయ్యార్చాలు కనిపెట్టాడు. వాటిలో ఒకటి ఐసిస్. ఆయన కూతురి పేరూ అదే. ఆ ఐసిస్ పెద్దదై 1873 నుంచి మద్రాసు రసద్‌గాహ్‌లోనే అసిస్టెంటుగా పనిచేసింది. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆమెను ఫెలోగా తీసుకోవడానికి 1920 దాకా ఆగింది, ఆడమనిషి అని.

పాగ్సన్ పేరు నేటికీ ప్రతి ఖగోళ పుస్తకంలో ఉంటుంది. అది సయ్యార్చాల వల్ల కాదు, వెలుగు కొలత వల్ల. నక్షత్రాలను వెలుగు బట్టి ఆరు తరగతులుగా చూడటం యూనాన్ కాలం నాటి రివాజు. మనవాళ్ళు ఆ తరగతిని ఖద్ర్ అన్నారు. మొదటి ఖద్ర్ అంటే బాగా వెలిగేది, ఆరో ఖద్ర్ అంటే కంటికి అందీ అందనిది. ఇస్ఫహాన్‌లో అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ 964లో తన నక్షత్రాల కితాబ్ రాసేటప్పుడు బత్లీమూస్, అంటే టాలెమీ, రాసినదాన్ని అలాగే ఎత్తి రాయలేదు. ఒక్కో నక్షత్రాన్నీ తన కళ్ళతో చూసి ఖద్ర్ సరిచేశాడు. తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత, 1856లో, పాగ్సన్ ఆ మెట్లకు సరైన లెక్క కట్టాడు. మొదటి ఖద్ర్‌కీ ఆరో ఖద్ర్‌కీ వెలుగులో తేడా వంద రెట్లు, ఒక్కో మెట్టుకు సుమారు రెండున్నర రెట్లు అన్నాడు. ఇప్పటికీ ఖగోళ శాస్త్రం నడుస్తున్నది ఆ కొలత మీదే. ఏషియా వెలుగును ఏ పట్టికలో చూసినా పాగ్సన్ కొలతలోనే ఉంటుంది. ఆ కొలత కింద అల్ సూఫీ కళ్ళు ఉన్నాయి. ఇది కూడా నాటడమే అనుకుంటే, నాటింది ఎవరు? నాకైతే ఒక చేతి నుంచి ఇంకో చేతికి అమానత్‌లా అందుతూ వచ్చిందనిపిస్తుంది.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తాను. పాగ్సన్ వచ్చేసరికే ఆ రసద్‌గాహ్‌లో ఇరవై ఏళ్ళ అనుభవం పడిన దేశీ ఉద్యోగి ఒకాయన ఉన్నారు. చింతామణి రఘునాథాచారి. పంచాంగాలు కట్టే వైష్ణవ కుటుంబం. కుర్రవాడిగా చేరి, పాగ్సన్ హయాంలో మొదటి అసిస్టెంటు అయ్యారు. 1867లో రెటిక్యులమ్ అనే దక్షిణాది నక్షత్ర మండలంలో ఒక చుక్క వెలుగు మారుతూ ఉండటాన్ని ఆయన పట్టుకున్నారు. దాన్ని ఆర్ రెటిక్యులి అంటారు. ఆధునిక కాలంలో ఒక హిందుస్తానీ చేసిన తొలి ఖగోళ ఆవిష్కరణగా దాన్నే చెబుతారు. 1872లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యారు. మన దేశం నుంచి ఆయనే మొదటివారు. పాగ్సన్ మద్రాసులో మరో నాలుగు సయ్యార్చాలు కనిపెట్టాడు: శాఫో, సిల్వియా, కమిలా, వేరా. వీటిలో వేరా తప్ప మిగతావన్నీ ఆచారి హయాంలోవే. ఆ రాత్రుల్లో రసద్‌గాహ్ నడవడానికి కావలసిన చాకిరీలో దేశీ అసిస్టెంట్ల హిస్సా ఎంత ఉందో ఊహించుకోవచ్చు. కానీ ఆసియా పేరు పెట్టుకున్న ఆ రాయి చరిత్రలో ఆసియా మనిషి పేరు ఒక్కటీ రాయలేదు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. నీడ దారి మన తెలుగు నేల మీదుగా పోయింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ దిగాడు. హీలియం కథలో ఆ గ్రహణం పేరు నేటికీ చెబుతారు. పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్ళిన మద్రాసు బృందానికి నాయకుడు రఘునాథాచారి. అసిస్టెంటు హోదాలో ఉన్న దేశీ మనిషి చేతికి ఒక బృందాన్ని అప్పగించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. వనపర్తిలో, కర్నూలు వైపు మొహల్లాల్లో ఆ పొద్దుటి పూట మన బుజుర్గులు కుసూఫ్ నమాజుకు నిలబడి ఉంటారు. కొన్ని మైళ్ళ అవతల ఒక ఆచారిగారు గడియారం పట్టుకుని అదే సూర్యుణ్ణి కొలవడానికి సిద్ధంగా ఉన్నారు. ఈ రెండూ ఒకదానికొకటి దుష్మన్ అని నాకెప్పుడూ అనిపించలేదు.

1874 డిసెంబరు 9న జుహరా, అంటే శుక్రుడు, సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటింది. జనానికి అదేమిటో చెప్పడానికి రఘునాథాచారి ఒక చిన్న కితాబ్ రాశారు. అది ప్రశ్నలు, జవాబుల గుఫ్తగూలా సాగుతుంది. ఇంగ్లీషుతో పాటు ఉర్దూలోనూ కన్నడంలోనూ వచ్చింది. నుదుట నామం పెట్టుకునే పంచాంగం ఇంటాయన ఇల్మ్-ఎ-హయ్యత్ కితాబ్ మన జబాన్‌లో రావాలనుకున్నారు. 1792 స్తంభం మీద కంపెనీ మన జబాన్‌ను తన పేరు చెక్కుకోవడానికి వాడుకుంది. ఎనభై రెండేళ్ళ తర్వాత ఆచారిగారు అదే జబాన్‌ను మనకు విషయం అర్థం కావడానికి వాడారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైన వస్తువు ఆ చిన్న కితాబే. ఏషియా అనే రాయి కన్నా కూడా.

ఆయన పెట్టుకున్న ఇంకో తకరార్ మనకు బాగా తెలిసిన రకందే. పాత సూత్రాలతో కట్టిన పంచాంగాలు ఆస్మాన్‌తో సరిపోవడం లేదని, కళ్ళకు కనిపించేదానితో సరిచూసుకోవాలని ఆయన వాదించారు. పెద్ద పెద్ద పండితులు కాదన్నారు. మన మసీదుల్లో ప్రతి రంజాన్ చివర జరిగే రూయతే హిలాల్ చర్చ గుర్తొస్తుందా? కంటితో చూడాలా, లెక్కతో తేల్చాలా? పోయిన ఏడు మిద్దె మీద నెలవంక కోసం మెడలు సాచి చూస్తుంటే మా అమ్మాయి అడిగింది: "అబ్బా, లెక్క వచ్చినవాళ్ళకు ముందే తెలుస్తుంది కదా, మరి మనం ఎందుకు చూడాలి?" ఎంత లెక్క వచ్చినా రఘునాథాచారి కూడా రాత్రిళ్ళు మిద్దె మీదే గడిపారమ్మా అన్నాను. ఎవరాయన అంది. ఈ వ్యాసం అక్కడి నుంచే మొదలైంది.

మరి మనవాళ్ళు ఆ కాలంలో ఏం చేస్తున్నారు? మద్రాసులో దర్బారు పోయింది, నిజమే. హైదరాబాదులో మాత్రం ఏషియా దొరకడానికి రెండు దశాబ్దాల ముందే పాయిగా అమీర్ ఫఖ్రుద్దీన్ ఖాన్, షమ్సుల్ ఉమరా, సొంత ఛాపాఖానా పెట్టి ఇంగ్లీషు సైన్సు పాఠాలను ఉర్దూలోకి మార్పించి అచ్చువేయించారు. సిత్తా షమ్సియా అని ఆరు రిసాలాలు. వాటిలో ఇల్మ్-ఎ-హయ్యత్ కూడా ఉంది. అదే ఖాందాన్‌కు చెందిన నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ 1901లో ఫిసల్ బండాలో తన ఖర్చుతో రసద్‌గాహ్ పెట్టి 15 అంగుళాల దుర్బీన్ తెప్పించారు. మద్రాసు రసద్‌గాహ్ నక్షత్రాల పని 1899లో కొడైకెనాల్ వెళ్ళిపోయాక రెండేళ్ళకే ఇది మొదలైందన్నమాట. 1907లో నవాబ్ సాబ్ ఇంతెకాల్ తర్వాత నిజాం సర్కారు దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. నిజామియా రసద్‌గాహ్. ఆస్మాన్ మొత్తాన్ని ఫోటో తీసి పట్టిక కట్టే ప్రపంచ పథకంలో కొన్ని ముల్కులు తలా ఒక భాగం తీసుకుంటే, హైదరాబాదు కూడా ఒక భాగం తీసుకుని లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి సంపుటాలుగా అచ్చువేసింది. మొదటి డైరెక్టర్లు ఆంగ్లేయులు. 1918 నుంచి భాస్కరన్, 1944 నుంచి అక్బర్ అలీ. రంగాపూర్‌లో 48 అంగుళాల దుర్బీన్ నిలబడటం వెనక అక్బర్ అలీ సాబ్ పట్టుదల ఉంది. ఆయన పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఆ నిజామియాలో పనిచేసే ఒక అసిస్టెంటు కొడుకు దుర్బీన్ల మధ్య పెరిగాడు. నిజాం కాలేజీలో చదివాడు. ఆయనే వైణు బప్పు. తమిళనాడు కావలూరు కొండల్లో రసద్‌గాహ్ కట్టించింది ఆయనే. 2596 నంబరు సయ్యార్చాకు ఆయన పేరు ఉంది. పాగ్సన్ 1885లో వేరాను కనిపెట్టాక ఈ దేశం నుంచి వందేళ్ళకు పైగా ఒక్క కొత్త సయ్యార్చా కూడా దొరకలేదు. మళ్ళీ దొరికింది 1988 ఫిబ్రవరి 17న, ఆ కావలూరులోనే. కనిపెట్టినవారు రాజమోహన్, ఆయన సహచరులు. వాళ్ళు దానికి ఖండం పేరు పెట్టలేదు, మనిషి పేరు పెట్టారు: 4130 రామానుజన్. మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా పనిచేసిన లెక్కల మనిషి. ఉలుగ్ బేగ్‌కూ అల్ బిరూనీకీ కూడా అదే వలయంలో తలా ఒక సయ్యార్చా ఉంది, వాళ్ళ నంబర్లు 2439, 9936.

ఫోన్లలో ఆస్మాన్ చూపించే యాప్‌లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో చాలావరకు 67 అని నంబరు, ఏషియా అని పేరు కొడితే ఈ రాత్రి అది ఏ బుర్జ్‌లో, అంటే ఏ రాశిలో ఉందో చూపిస్తాయి. 1861 షవ్వాల్ నుంచి ఇప్పటికి నలభైకి పైగా చుట్లు తిరిగింది. భూమికి దగ్గరగా వచ్చిన నెలల్లో నాలుగైదు అంగుళాల దుర్బీన్ ఉంటే నల్లటి రాత్రి పట్టుకోవచ్చు. పక్కనున్న చుక్కలతో కలిపి కాగితం మీద గీసుకోండి. మర్నాడు ఇషా తర్వాత మళ్ళీ చూడండి, జరిగి ఉంటుంది.